మిర్చి యార్డుకు వెళ్లే ముందు: ఉబ్బసం ఉన్నవారికి జాగ్రత్తలు

ధర ఎంత పలుకుతుందోనన్న దిగులు, గాలినిండా కారపు ఘాటు. తేలికపాటి ఉబ్బసం ఉన్న రైతుకు గుంటూరు యార్డులో ఈ రెండూ ఒకేసారి ఎదురవుతాయి. దిగులుకు ఊపిరి పైపైన, వేగంగా ఆడుతుంది; ఆయాసం పెరుగుతుంది.

• ఆయాసానికి వాడే ఇన్‌హేలర్ చొక్కా జేబులోనే ఉండాలి, ఎండలో నిలిపిన వాహనంలో కాదు. చాలా రోజులుగా వాడకపోతే ఇంటి దగ్గరే రెండు మూడుసార్లు గాలిలోకి నొక్కి, మందు వస్తోందో లేదో చూడండి.

• డాక్టరు రోజూ పీల్చమన్న మందు ఉంటే, బాగానే ఉంది కదా అని ఆ ఉదయం మానకండి.

• ఎన్95 మాస్కు. తువ్వాలు చుట్టుకుంటే సన్నటి కారపు పొడి ఆగదు.

• ఆయాసం మొదలైతే బస్తాలకు దూరంగా వచ్చి నిటారుగా కూర్చోండి, పడుకోవద్దు. సరుకు రేపైనా అమ్ముకోవచ్చు. ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, 10 అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టండి. తర్వాత పెదవులు సున్నాలా చుట్టి, వేడి టీ ఊదినట్టు మెల్లగా వదలండి. ఆ తర్వాతి ఊపిరులూ ఇలాగే: పీల్చడానికి 2 అంకెలైతే వదలడానికి 4.

• వెంట వచ్చేవారికి ముందే చెప్పి ఉంచండి: మందు పీల్చినా తగ్గకపోయినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, బేరం వదిలేసి 108కు ఫోను చేయాలి.