వానలొస్తున్నాయని అట్టలకు లామినేషన్ చేయించకండి

మొన్నటి ముసురుకు ఒకాయన బీరువాలో పాత చందమామల కట్ట బూజు పట్టి, అట్టలు ఒకదానికొకటి అతుక్కుపోయాయట. అది విన్నవాళ్లు తమ దగ్గరున్న వపా (చిత్రకారుడు వడ్డాది పాపయ్య) బొమ్మల అట్టలు పట్టుకుని లామినేషన్ షాపుకు బయల్దేరుతున్నారు. ఆగండి. బూజు కొంతైనా దులపొచ్చు, లామినేషన్ ఊడదు.

ఆ మిషను నూరు డిగ్రీలు దాటిన వేడితో ప్లాస్టిక్ మీది జిగురును కరిగించి కాగితం పీచులోకి దించుతుంది. తర్వాత లాగితే రంగు కూడా లేచొస్తుంది. పోనీ లోపలైనా భద్రమా అంటే, కలపగుజ్జు కాగితంలో పుట్టే ఆమ్లం అక్కడే ఉండి అట్టను పసుపెక్కిస్తూనే ఉంటుంది. అంచు ఒక్కచోట విడిస్తే తేమ పాకుతుంది, ఇక బయటికి రాదు.

దాచడానికి: ఒక్కో అట్టకు ఒక్కో పాలిస్టర్ కవరు, వెనక ఆసిడ్ లేని అట్టముక్క. ప్లాస్టిక్ వాసన కొట్టే పీవీసీ ఫోల్డర్లు వద్దు, రంగు వాటికి అంటుకుంటుంది. పెట్టె నేలకు జానెడు ఎత్తున, బయటి గోడకు దూరంగా ఉండాలి. తేమ మీటరు 55 శాతం చూపిస్తే మంచిదే. 65 దాటితే బూజు మొదలవుతుంది.

పిన్నులు: తుప్పు పట్టినవాటిని అట్టవైపు నుంచి నేరుగా లాగొద్దు, కాగితం చిరుగుతుంది. పుస్తకం మధ్యపేజీ తెరిచి, మడిచిన రెండు కాళ్లను మొద్దు చాకుతో నిలబెట్టి, అప్పుడు వెనక నుంచి తియ్యండి.

గోడకు: ఒరిజినల్ అట్టను పెట్టకండి. 600 డీపీఐలో స్కాన్ చేసి ప్రింటు పెట్టండి. ఒరిజినలే కావాలంటే అద్దానికీ అట్టకూ మధ్య మౌంటు (మధ్యలో కిటికీలా కోసిన మందపాటి కార్డు) ఉండాలి. అద్దం తగిలితే బొమ్మ దానికే అతుక్కుంటుంది. ఫ్రేము వెనక నాలుగు మూలలా కార్కు ముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది.

సెల్లోటేపు వద్దు. ఫెవికాల్ వద్దు. మైదా ముద్ద అసలే వద్దు, సిల్వర్ ఫిష్ పురుగు దానికోసమే వస్తుంది. నాఫ్తలిన్ ఉండలు కాగితానికి తగలనీయొద్దు. అంచులు కత్తిరించొద్దు. తడిసినవి ఎండలో పెట్టొద్దు, కింద బ్లాటింగ్ కాగితం వేసి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. అతుక్కున్నవి విడదీయొద్దు, జిప్ కవరులో పెట్టి రెండురోజుల్లోపు ఫ్రీజర్లో పెట్టండి. బూజును తడిగుడ్డతో తుడవొద్దు. పూర్తిగా ఆరాక ఆరుబయట, మాస్కు కట్టుకుని, మెత్తని కుంచెతో దులపండి. లామినేషన్ వద్దు. షాపతను "ఇది కోల్డ్ లామినేషన్ సార్, వేడి తగలదు" అన్నా ఇవ్వొద్దు. అదీ జిగురే.