పాత డెస్క్‌టాప్ ఆన్ అవ్వట్లేదా? పార్ట్స్ కొనే ముందు ఇలా చెక్ చేస్కోండి

బటన్ నొక్కితే సిస్టమ్ లేవకపోతే చాలామంది వెంటనే మదర్‌బోర్డ్ పోయిందని ఫిక్స్ అయిపోతారు. దయచేసి అలా అనుకోకండి, బోర్డుని అనుమానించాల్సింది అన్నిటికంటే చివర్న. పాత మెషీన్లలో ఎక్కువగా దొరికేది ర్యామ్ కాంటాక్ట్ సరిగ్గా లేకపోవడం, ఎస్ఎంపీఎస్ (కరెంటిచ్చే సప్లై డబ్బా) నీరసపడటం, బోర్డు మీద అయిపోయిన చిన్న బ్యాటరీ, లూజ్ కేబులు, ఇవే. పని ఎక్కడిదాకా నడిచి ఎక్కడ ఆగిపోతుందో పట్టుకుంటే చాలు, సగం పార్టులు అసలు ముట్టుకోకుండానే పక్కకి పెట్టేయొచ్చు. ఇంకొకటి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి. ర్యామ్ తీసి, బ్యాటరీ మార్చి, కేబుల్ కూడా మార్చేసి ఆన్ చేస్తే అది లేచినా దేని వల్ల లేచిందో తెలీదు, వారం తర్వాత మళ్ళీ పడిపోతే మళ్ళీ మొదట్నుంచీ రావాలి.

మూత విప్పే ముందు ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒక పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు చాలావరకు దిగిపోద్ది. పార్టులు ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు లేని ఇనుము భాగాన్ని ఓసారి తాకండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోద్ది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసేసినా అందులో పెద్ద కెపాసిటర్లు (కరెంటుని నిలవ ఉంచే పార్టులు) ప్రమాదకరమైన వోల్టేజీ పట్టుకుని ఉంటాయి.

ఇప్పుడు ప్లగ్ మళ్ళీ పెట్టి, బటన్ నొక్కితే ఏమవుతుందో గమనించండి. ఫ్యాన్ తిరగదు, లైట్ రాదు, చప్పుడు లేదు అంటే కరెంటు దారిలోనే ఆగింది. ముందు సాకెట్‌లో వేరే ఏదైనా పెట్టి చూడండి, పవర్ కార్డ్ మార్చి చూడండి (మానిటర్ కార్డే సాధారణంగా సీపీయూకి కూడా సరిపోద్ది), ఎస్ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. వెనక 115/230 అని ఇంకో చిన్న స్విచ్ ఉంటే దాని జోలికి ఊరికే పోకండి, 230 లైన్ మీద అది 115లో ఉంటే సప్లై కాలిపోద్ది. అన్నీ బానే ఉంటే ముందు బటన్‌ని అనుమానించండి, ఏళ్ళ తరబడి నొక్కీ నొక్కీ అరిగిపోవడం మామూలే. దాని వైరు బోర్డు కింద మూల ఎక్కడో రెండు పిన్నులకి వస్తది, పక్కన పవర్ స్విచ్ అని పొట్టిగా (PWR_SW లాగా) రాసుంటది, ఆ వైరు లాగేసి ఆ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. సిస్టమ్ లేచిందా, బటన్ పోయినట్టే, రీసెట్ బటన్ వైర్ని ఆ పిన్నులకి తగిలించి వాడుకోవచ్చు.

దానికీ లేవకపోతే ఎస్ఎంపీఎస్ టెస్ట్. ప్లగ్ తీసి, లోపల అన్ని కనెక్టర్లూ పీకేసి, పెద్ద 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఉన్న రంధ్రాన్ని పక్కనే ఉన్న ఏదైనా నల్ల వైరు రంధ్రంతో చిన్న తీగ పెట్టి కలపండి, తర్వాతే ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. లోడ్ కోసం పాత డీవీడీ డ్రైవ్ ఒకటి తగిలిస్తే మంచిది, కొన్ని పాత సప్లైలు ఏ లోడూ లేకపోతే నిలబడవు. ఫ్యాన్ తిరిగితే బతికే ఉంది, కానీ మంచిగా ఉందని కాదు, అది వోల్టేజీ కొలిచే మల్టీమీటరే చెప్పాలి. పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు మీద 4.75 నుంచి 5.25, నారింజ మీద 3.14 నుంచి 3.46 మధ్య రావాలి. ఊదా రంగు వైరు మాత్రం సిస్టమ్ ఆన్ చేయకపోయినా, ప్లగ్ ఉంటే చాలు, 5 వోల్టులు చూపించాలి, అదే లేకపోతే బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు. కొన్ని బ్రాండెడ్ మెషీన్లలో కనెక్టరూ వైర్ల రంగులూ వేరేగా ఉంటాయి, వాటికి ఈ తీగ టెస్ట్ చేయకండి.

ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోంది అంటే ఎక్కడో షార్ట్ ఉంది, సప్లై తనని తాను కాపాడుకుంటోంది. ముందు యూఎస్‌బీలో పెట్టినవన్నీ తీసేయండి, పోర్టులో వంగిన పిన్ను ఒకటి చాలు. తర్వాత హార్డ్ డిస్క్, డీవీడీ, గ్రాఫిక్స్ కార్డ్ ఒక్కొక్కటే, ప్రతిసారీ ప్లగ్ తీసే, విడదీసి చూడండి. ప్రాసెసర్ దగ్గర 4 పిన్నుల చిన్న కనెక్టర్ ఉంటది, అది పీకేసినప్పుడు ఫ్యాన్లు ఆగకుండా తిరిగి, పెట్టగానే మళ్ళీ ఆగిపోతుంటే ప్రాసెసర్‌కి కరెంటిచ్చే సర్క్యూట్లోనే షార్ట్ ఉందని దాదాపు ఖాయం చేస్కోవచ్చు.

ఎక్కువమందికి వచ్చేది మాత్రం ఫ్యాన్లు తిరుగుతాయి గానీ స్క్రీన్ మీద ఏమీ రాని కేసు. ముందు మానిటర్ సరైన ఇన్‌పుట్‌లో ఉందో లేదో, గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే కేబుల్ కార్డుకే పెట్టారో లేదో చూడండి, చాలా పాత బోర్డులు కార్డ్ కనబడగానే తమ సొంత డిస్‌ప్లే పోర్ట్ ఆపేస్తాయి. తర్వాత ర్యామ్. పక్క లాకులు తెరిచి బయటికి తీసి, బంగారు రంగు పళ్ళని తెల్ల రబ్బరుతో రెండు వైపులా మెత్తగా రుద్దండి, అది బోర్డుకి దూరంగా చేయండి, పొడి స్లాట్లో పడితే ఇంకో తలనొప్పి. స్లాట్‌ని మెత్తటి పొడి బ్రష్‌తో తుడవండి, నోటితో ఊదితే తడి పోద్ది లోపలికి. పెట్టేటప్పుడు గాడి సరిగ్గా కుదిరి లాకులు టక్‌మని పడాలి. రెండు స్టిక్స్ ఉంటే ఒక్కటే పెట్టి, ఒక్కో స్లాట్లో మార్చి మార్చి చూడండి, విసుగ్గా ఉంటది కానీ చెడింది స్టిక్కా స్లాటా అనేది తేలేది ఇక్కడే.

బోర్డు మీద స్పీకర్ లేకపోతే నాలుగు పిన్నుల చిన్న బజర్ ఒకటి తెచ్చి తగిలించండి, ఇంత చిన్న వస్తువు చేసినంత సాయం ఖరీదైన టూల్స్ కూడా చేయవు. ర్యామ్ మొత్తం తీసేసి ఆన్ చేయండి, ర్యామ్ లేదని బీప్ బీప్ అని అరిచిందంటే ప్రాసెసర్, బోర్డు, బయోస్ (బోర్డులోనే ఉండి సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) మూడూ పని చేస్తున్నట్టే, అప్పుడు వెతకాల్సింది ర్యామ్‌లోనో డిస్‌ప్లేలోనో. అవార్డ్ కంపెనీ బయోస్‌లో ఒక పొడుగు బీప్ రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే సమస్య, అన్నీ సరిగ్గా ఉంటే ఒక్క పొట్టి బీప్. కంపెనీని బట్టి కోడ్లు మారతాయి కాబట్టి మీ బోర్డు మాన్యువల్ చూస్కోండి.

తర్వాత గుండ్రటి బటన్ బ్యాటరీ, ఎక్కువ బోర్డుల్లో సీఆర్ 2032. కొత్తది 3 వోల్టుల పైనే చూపిస్తది, 2.7 కంటే కిందకి దిగితే మార్చేయండి. ప్లగ్ తీసి బ్యాటరీని కాసేపు బయట ఉంచితే బయోస్ సెట్టింగ్స్ కూడా రీసెట్ అవుతాయి, కొన్ని మొండి కేసులు దీనికే లేస్తాయి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, రీసెట్ అయ్యాక సాటా మోడ్ (బోర్డు హార్డ్ డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి, లేదా అటు నుంచి ఇటు మారిపోవచ్చు, అప్పుడు విండోస్ లోడ్ అవుతూ బ్లూ స్క్రీన్ వేస్తది, డిస్క్ పోయిందనుకుని ఫార్మాట్ కొట్టేస్తారు పాపం. బయోస్‌లోకి వెళ్ళి ఆ మోడ్ వెనక్కి మార్చండి చాలు.

మూత తీసున్నప్పుడే బోర్డు మీద కెపాసిటర్లని ఒక్కొక్కటీ చూడండి, ముఖ్యంగా ప్రాసెసర్ చుట్టూ ఉన్నవి. పైభాగం చదునుగా ఉండాలి, ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అది పోయినట్టే. 1999 నుంచి 2007 మధ్య వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల ఇది చాలా ఎక్కువగా జరిగింది. టంకం బాగా వచ్చిన వాళ్ళైతే అదే మైక్రోఫారడ్, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వోల్టేజ్, 105 డిగ్రీల "లో ఈఎస్ఆర్" (లోపలి నిరోధం తక్కువుండే) రకం పెట్టి బతికించొచ్చు, ప్లస్ మైనస్ తారుమారు చేయొద్దు.

లేచి, కాసేపటికే ఆగిపోతుంటే వేడి. ఎల్‌జీఏ 775 లాంటి పాత ఇంటెల్ సాకెట్లలో హీట్‌సింక్‌కి (ప్రాసెసర్ వేడి లాగే లోహపు దిమ్మకి) నాలుగు ప్లాస్టిక్ కాళ్ళుంటాయి, ఒక్కటి ఊడినా ప్రాసెసర్ నిమిషాల్లో కాగిపోద్ది. ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టండి. పిన్నులు ప్రాసెసర్‌కే ఉండే పాత ఏఎండీల్లో హీట్‌సింక్‌ని నిలువుగా లాగకండి, అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేయండి, లేదంటే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి.

లోగో వచ్చి బూట్ డివైస్ లేదని అంటే సాటా కేబుల్ (డిస్క్ నుంచి బోర్డుకి వచ్చే డేటా కేబుల్), పోర్ట్ మార్చి చూడండి. డిస్క్ టక్ టక్‌మని కొట్టుకుంటుంటే ఆపేయండి, మళ్ళీ మళ్ళీ ఆన్ చేసి చూడొద్దు, డేటా మొత్తం చేజారేది అక్కడే. చప్పుడేమీ లేకపోతే లైనక్స్ లైవ్ యూఎస్‌బీతో (డిస్క్‌లోని విండోస్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే సిస్టమ్‌తో) బూట్ చేసి ముందు ఫైల్స్ కాపీ చేస్కోండి, స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే వివరాలు) తర్వాత చూడొచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా ఉలుకూ పలుకూ లేకపోతే బోర్డుని క్యాబినెట్ నుంచి తీసి అట్టముక్క మీద పెట్టి, ప్రాసెసర్, దాని ఫ్యాన్, ఒక ర్యామ్, బజర్, పని చేస్తుందని తెలిసిన ఎస్ఎంపీఎస్, ఇంతే పెట్టి ఇందాకటి పవర్ స్విచ్ పిన్నులు కలపండి. బయట లేస్తే బోర్డు వెనక ఏదో స్క్రూ తగులుతోంది. ర్యామ్ తీసేసినా బీప్ రాకపోతే సాకెట్లో వంగిన పిన్నులు చూడండి, అవీ బానే ఉంటే అప్పుడు బోర్డు పోయిందనుకోవచ్చు, ప్రాసెసర్లు అంత తొందరగా పోవు. బోర్డు పోయినా మీ ఫైల్స్ డిస్క్‌లోనే ఉంటాయి. సాటా టు యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించి తీసుకోవచ్చు, కాకపోతే 3.5 అంగుళాల డిస్క్‌కి 12 వోల్టులు కూడా కావాలి కాబట్టి విడిగా పవర్ ఉన్న అడాప్టరే తీసుకోండి.