870 ట్యూబ్ పొడిగించాక అది వదులవకుండా బిగించడం

రెమింగ్టన్ 870 పంప్ షాట్‌గన్‌లో షెల్స్ (తూటాలు) నింపే మ్యాగజైన్ ట్యూబ్ బారెల్ కింద ఉంటుంది, దాని చివర ఒక మూత ఉంటుంది. చూస్తే సీసా మూతలా ఉంటుంది గానీ బారెల్‌ని పట్టి ఉంచేది అదే. బారెల్ కింద ఉన్న ఉంగరం ట్యూబ్ మీదికి ఎక్కుతుంది, ఆ మూత దాన్ని వెనక్కి అదిమి పెడుతుంది. ట్యూబ్‌ని పొడిగించే ఎక్స్‌టెన్షన్ గొట్టం తెచ్చుకున్నవాళ్లు మొట్టమొదట విప్పి పక్కన పెట్టేది ఈ మూతనే. అక్కడి నుంచి బారెల్‌ని పట్టుకునే నట్టు ఎక్స్‌టెన్షనే. అదనంగా రెండు షెల్స్ పట్టే గొట్టం అని మాత్రమే అనుకుంటే దాన్ని చేత్తో తిప్పి వదిలేస్తాం. నేనూ అదే చేశాను.

డాలస్ దగ్గర ఒక క్లబ్ షూటింగ్ మ్యాచ్. గ్రీన్ కార్డ్ వచ్చాక కొన్న నా మొదటి తుపాకీ అది. 12 గేజ్, 18 అంగుళాల బారెల్, ముందు రోజు రాత్రే +2 ఎక్స్‌టెన్షన్ బిగించాను. మూడో స్టేజ్‌లో పంప్ ముందుకు తోస్తే చివరిదాకా పోకుండా ఆగిపోయింది. రేంజ్ ఆఫీసర్ ఆపమన్నారు, ఖాళీ చేసి చూపించాను. ఉంగరానికీ ఎక్స్‌టెన్షన్ నట్టుకూ మధ్య గోరు దూరేంత సందు. దెబ్బదెబ్బకీ నట్టు కొంచెం కొంచెం వెనక్కి తిరిగింది, బారెల్ ముందుకు జరిగింది. 870లో షెల్ వెనకాల మూసే బోల్ట్ లాక్ అయ్యేది బారెల్ వెనక భాగంలోనే కాబట్టి ఇక అది లాక్ కాలేదు. ఇంటికి వచ్చి మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాను. అప్పటి నుంచీ చేస్తున్న పద్ధతి ఇది.

ముందు తుపాకీ ఖాళీ చెయ్యండి. ఛాంబర్లో (బారెల్ వెనక షెల్ కూర్చునే చోట) వేలు పెట్టి చూడండి, ట్యూబ్ నోట్లోనూ చూడండి. షెల్స్ ఇంకో గదిలో ఉండాలి. కళ్లద్దాలు పెట్టుకోండి, ఎందుకంటే మూత విప్పాక, లోపల స్ప్రింగ్‌ని పట్టి ఉంచే బిళ్ల తీయగానే స్ప్రింగ్ ఎగిరి ముఖం మీదికి రావచ్చు. బొటనవేలితో అదిమి పట్టుకుని నెమ్మదిగా వదలాలి.

తర్వాత ట్యూబ్ లోపలికి టార్చ్ వెయ్యండి. 870లోనే కొన్ని ఎక్స్‌ప్రెస్ మోడళ్లలో చివర లోపలికి నొక్కిన రెండు సొట్టలు ఉంటాయి. అవి ఉంటే షెల్స్ ఎక్స్‌టెన్షన్ లోకి వెళ్లవు. ఇంట్లో డ్రిల్ పెట్టకండి, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గరికి తీసుకెళ్లండి. మాస్‌బర్గ్ 500 అనే ఇంకో కంపెనీ షాట్‌గన్ అయితే దాని బారెల్ పట్టే పద్ధతే వేరు, ట్యూబ్ చివర మూసి ఉంటుంది, ఈ రకం గొట్టం దానికి ఎక్కదు. మాస్‌బర్గ్ 590కి ఎక్కుతుంది, కానీ దాని కోసం చేసినదే కావాలి.

మరలను పాత టూత్‌బ్రష్‌తో, సాల్వెంట్‌తో తోమండి. నూనె గానీ ఇసుక గానీ ఉంటే బిగిసినట్టు అనిపిస్తుంది కానీ నిజంగా కూర్చోదు. ఎక్స్‌టెన్షన్ చేత్తో సులువుగా తిరగాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే మర అడ్డంగా ఎక్కుతోందని అర్థం, వెంటనే వెనక్కి తిప్పండి. ఉంగరానికి పూర్తిగా ఆనుకున్నాక బెల్టు రెంచ్‌తో ఇంకొంచెం బిగించండి. ప్లయర్స్ వద్దు, గొట్టం నలిగిపోతుంది. పాత 870 బారెల్ ఉంగరంలో స్ప్రింగ్ మీద ఆడే చిన్న పిన్ను ఉంటుంది, మూత లోపలి పళ్లలో పడి దాన్ని వెనక్కి తిరగనివ్వదు. చాలా ఎక్స్‌టెన్షన్లకు ఆ పళ్లు ఉండవు. నాదానికీ లేవు. అందుకే అది వదులైంది.

చాలామంది ఇక్కడ మరలు వదులవకుండా పట్టే లాక్‌టైట్ జిగురు రాయమంటారు. నేను రాయను. శుభ్రం చెయ్యడానికి బారెల్ తీసిన ప్రతిసారీ ఈ మర విప్పాల్సిందే. పైగా ఎక్కువైన చుక్క లోపలికి జారి, స్ప్రింగ్ ముందు షెల్స్‌ని తోసే ఫాలోవర్‌ని అంటిస్తుంది. ఎర్ర లాక్‌టైట్ అయితే అసలే వద్దు, దాన్ని వదిలించాలంటే బాగా వేడి చెయ్యాలి. కదలకుండా పట్టాల్సింది క్లాంప్.

క్లాంప్ అంటే బారెల్‌నీ గొట్టాన్నీ కలిపి పట్టుకునే రెండు ముక్కల బిగింపు. దాన్ని నట్టు మీద కాకుండా ముందుకు, నున్నటి గొట్టం మీద పెట్టండి. బిగించే ముందు ఒకసారి పక్క నుంచీ పైనుంచీ చూడండి. బారెల్, గొట్టం వాటంతట అవే సమాంతరంగా ఉండాలి. వంకర ఉంటే క్లాంప్‌తో లాగి సరిచెయ్యకూడదు. అలా లాగితే బారెల్ మీద ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది, స్లగ్ (ఒకే గుండు ఉన్న షెల్) వేసినప్పుడు గురి పక్కకు పోతుంది. అలాంటప్పుడు విప్పి మర మళ్లీ చూసుకోవాలి. స్క్రూలను ఒక్కోదాన్నీ పావు చుట్టు చొప్పున మార్చి మార్చి బిగించండి, రెండు వైపులా సందు ఒకేలా రావాలి. చేత్తో తిప్పితే క్లాంప్ కదలకపోతే చాలు, అంతకు మించితే గొట్టం సొట్టపడుతుంది. నీలం లాక్‌టైట్ ఒక్క చుక్క నేను వాడేది ఈ స్క్రూలకే, అదీ నూనె తుడిచాక. ఒక రోజు ఆరనిస్తాను.

కొత్త స్ప్రింగ్ పొడుగ్గా వస్తుంది. ట్యూబ్, ఎక్స్‌టెన్షన్ రెండింటి పొడవూ పోను బయటికి దాదాపు అడుగు మిగిలేలా ఉంచి కత్తిరించండి, అదీ కొంచెం కొంచెంగా. ఆ తర్వాత మందు లేని డమ్మీ షెల్స్‌తో నింపి చూడండి. 2¾ అంగుళాలవి నా దాంట్లో నాలుగుకి రెండు కలిసి ఆరు పడతాయి. ఖాళీ చేసేటప్పుడు ఏ షెల్ అయినా మధ్యలో ఆగితే, రెండు గొట్టాలు కలిసే చోట అంచు ఉందన్నమాట. సన్న ఎమెరీ కాగితంతో ఆ అంచు తగ్గించండి.

చివరగా గీత. ప్రకాశం జిల్లాలో మా పొలంలో డీజిల్ ఇంజన్ బిగించినప్పుడల్లా మా నాన్న నట్టు మీదా పక్కన ఇనుము మీదా కలిపి సుద్దతో ఒక గీత గీసేవారు. పొద్దున చూస్తే గీత రెండుగా విరిగి ఉంటే నట్టు తిరిగిందని తెలిసేది. నేను తెల్ల పెయింట్ పెన్నుతో ఉంగరం మీద నుంచి ఎక్స్‌టెన్షన్ నట్టు మీదికి అలాగే గీశాను. క్లాంప్ స్క్రూలకూ ఒక్కో చుక్క పెట్టాను. కొత్తగా బిగించాక మొదటి 25 షెల్స్‌కి ఒకసారి, ఆ తర్వాత ప్రతి స్టేజ్‌కీ ముందు తుపాకీ ఖాళీగా ఉన్నప్పుడు ఆ గీత చూస్తాను.

ఒక విషయం మరిచిపోకండి. అమెరికాలో వలస పక్షుల వేటకి తుపాకీలో మొత్తం మూడు షెల్స్ మించి పట్టకూడదు. మ్యాగజైన్ విషయంలో కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంకా గట్టివి, కొనేముందే మీ రాష్ట్రానిది చదువుకోండి. పాత స్ప్రింగ్, పాత మూత, ఎక్కువ షెల్స్ పట్టకుండా ట్యూబ్‌లో పెట్టే ప్లగ్ నేను ఒక మిఠాయి డబ్బాలో దాచాను. మా దగ్గర పావురాల సీజన్ సెప్టెంబర్ 1న మొదలు. ఆగస్టు 31 సాయంత్రం క్లాంప్ విప్పుతాను, గొట్టం తీస్తాను, ప్లగ్ పెట్టి పాత మూత బిగిస్తాను.