పెట్రోలు కారులో లారీ ఇంజిన్ ఆయిల్: ఏ బండికి పనికొస్తుంది, ఏ బండికి వద్దు

లారీకి కొన్న బకెట్టులో మూడు నాలుగు లీటర్లు మిగిలిపోయాయి, ఇంటి ముందున్న పెట్రోలు కారుకి ఆయిల్ మార్చే టైమైంది. ఇది పోసెయ్యొచ్చా? గాజువాక ఆటోనగర్‌లో అడిగితే ఒక షెడ్డులో 'ఇంజిన్ పోతుంది' అంటారు, పక్క షెడ్డులో 'దీనికి మించింది లేదు' అంటారు. ఏ ఇంజిన్ అన్నది, డబ్బా వెనక ఏం రాసుంది అన్నది చూడకుండా చెప్పే జవాబులివి.

ముందు డబ్బా వెనక్కి తిప్పండి. ఏపీఐ (ఆయిల్ నాణ్యతకి స్థాయిలు పెట్టే అమెరికా సంస్థ) గుర్తు దగ్గర 'సీ'తో మొదలయ్యేవి (సీఐ-4, సీకే-4) డీజిల్ ఇంజిన్ పరీక్షలు, 'ఎస్'తో మొదలయ్యేవి (ఎస్ఎల్, ఎస్ఎన్, ఎస్పీ) పెట్రోలువి. సీకే-4/ఎస్ఎన్ అని రెండూ ఉంటే ఆ ఆయిల్ రెండు రకాల పరీక్షలకూ నిలిచినట్టు. 'ఎస్' అసలు లేకపోతే పెట్రోలు ఇంజిన్‌కి దాన్ని వదిలేయడమే మేలు. ఉన్నా సరే, మీ బండి మాన్యువల్ అడిగిన స్థాయికి తగ్గకూడదు: మాన్యువల్‌లో ఎస్ఎన్ ఉండి డబ్బా మీద దానికన్నా పాత స్థాయి ఎస్ఎల్ ఉంటే కుదరదు.

తర్వాత చిక్కదనం. అసలు తేడా చాలావరకు ఇక్కడే ఉంది, జనం చూడనిదీ ఇదే. లారీ ఆయిల్ ఎక్కువగా 15డబ్ల్యూ-40: 'డబ్ల్యూ' ముందున్న అంకె చలిలో చిక్కదనాన్ని, తర్వాతది వేడెక్కాక చిక్కదనాన్ని చెప్పే గ్రేడు. మారుతీ కొత్త పెట్రోలు ఇంజిన్లు 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 అడుగుతాయి. వంద డిగ్రీల దగ్గర 20 గ్రేడు ఆయిల్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) మధ్య ఉంటే, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 మధ్య ఉంటుంది. సన్నటి ఆయిల్ కోసం చేసిన ఇంజిన్‌లో 40 గ్రేడు పోస్తే మైలేజీ తగ్గుతుంది, వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రాంగం మందగిస్తుంది. ఇంజిన్ చప్పుడు తగ్గిందని మురిసిపోతే, అది చిక్కదనం వల్ల వచ్చిన మెత్తదనమే.

ఇక ఆయిల్‌లో కలిపే మందుల సంగతి. డీజిల్ మసిని గడ్డకట్టకుండా పట్టుకోవాలి కాబట్టి లారీ ఆయిల్‌లో మురికి కడిగే రసాయనాలు ఎక్కువ. అరుగుదల ఆపే జింకు, ఫాస్ఫరస్ కూడా ఎక్కువే ఉండొచ్చు. సీకే-4లో ఫాస్ఫరస్ 0.12 శాతం వరకు ఉండొచ్చు, పెట్రోలు కార్ల 20, 30 గ్రేడు ఎస్పీ ఆయిల్‌కి పరిమితి 0.08 శాతం. పద్మిని, పాత అంబాసిడర్ లాంటి పుష్‌రాడ్ ఇంజిన్లలో (కడ్డీలతో వాల్వులు తెరిచే పాత రకం) క్యామ్ నేరుగా ట్యాపెట్ మీద రాసుకుంటుంది కనుక ఆ ఫాస్ఫరస్ మేలే చేస్తుంది. కార్బురేటర్ ఓమ్నీ, మారుతీ 800 లాంటివాటికీ, మాన్యువల్‌లో 40 గ్రేడుకి చోటుంటే, ఇబ్బంది లేదు. విశాఖలో చలికాలం తెల్లవారుజామున కూడా 15డబ్ల్యూ ఆయిల్ చిక్కబడి స్టార్టింగ్‌కి అడ్డుపడదు. ఎండలో అరకు ఘాట్ ఎక్కేటప్పుడు 40 గ్రేడు పొర బాగా నిలుస్తుంది.

వద్దనాల్సినవి మూడు. ఒకటి, బీఎస్-6 పెట్రోలు కార్లు: ఇంజిన్ ఆయిల్ తాగితే ఫాస్ఫరస్, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ మీద పేరుకుని దాన్ని పనిచెయ్యనివ్వదు. రెండు, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోలు (వెన్యూ టర్బో, టైగన్ వంటివి): కాల్షియం ఎక్కువున్న ఆయిల్‌తో తక్కువ వేగంలో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే ప్లగ్ నిప్పు ఇవ్వకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది. దీని పరీక్ష 2020 మే నుంచి వచ్చిన ఎస్పీలో ఉంది. మూడు, గేర్లకీ క్లచ్‌కీ ఇంజిన్‌కీ ఒకే ఆయిల్ వాడే బైకులు. వాటికి జాసో (జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు కావాలి. లేకపోతే క్లచ్ ప్లేట్లు జారొచ్చు.

పోసేటప్పుడు:

1. ఇంజిన్ పది నిమిషాలు నడిపి, బండిని చదునైన చోట ఆపి, డ్రెయిన్ నట్టు విప్పండి. ఆయిల్ చేతిని కాల్చేంత వేడిగా ఉండకూడదు. పదిహేను నిమిషాలు కారనివ్వండి.
2. నట్టుకి కొత్త వాషర్ వేయండి. పాతది మళ్ళీ వేస్తే చుక్క చుక్క కారుతుంది.
3. కొత్త ఫిల్టర్ రబ్బరుకి ఆయిల్ రాసి చేత్తో బిగించండి, ఆనాక ముప్పావు తిప్పు చాలు.
4. చిన్న కార్లకి మూడు నుంచి నాలుగు లీటర్లు పడుతుంది. అర లీటరు తక్కువ పోసి, ఒక నిమిషం నడిపి ఆపండి. పది నిమిషాలాగి ఆయిల్ కొలిచే స్టిక్ చూసి పై గీత దాటకుండా నింపండి. ఎక్కువైతే క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, ప్రెషర్ పడిపోతుంది.

ఆయిల్ లైటు కొన్ని సెకన్లలో ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపండి.

ఎన్నాళ్ళో మురికి పట్టిన ఇంజిన్‌లో మొదటిసారి పోస్తే మామూలు గడువులో సగానికే మార్చండి. కడిగే రసాయనాలు పాత మడ్డిని కదిలిస్తాయి, అది వెళ్ళి ఫిల్టర్‌లో చేరుతుంది. ఆయిల్ త్వరగా నల్లబడడం చెడిపోయినట్టు కాదు. ఆయిల్ తాగే ఇంజిన్ అయితే నెలకోసారి ప్లగ్గులు విప్పి చూడండి: కొన మీద తెల్లటి బూడిద పేరుకుంటుంటే, ఎక్కువ బూడిదనిచ్చే సీఐ-4 వాడడం మానేయాలి. ద్వారకానగర్ నుంచి మద్దిలపాలెం దాకానే తిరిగే కార్లలో ఫిల్లర్ మూత కింద మీగడలాంటి తెల్లటి నురగ కనిపిస్తే అది తడి. ఆయిల్ మార్చినా పోదు, వారానికోసారి ఓ అరగంట ఆపకుండా నడపాలి.

మిగిలిన బకెట్టు మూత గట్టిగా బిగించి నీడలో పెట్టండి. మన సముద్రపు గాలికి మూత తెరిచున్న ఆయిల్ తేమ పట్టేస్తుంది. తీసిన పాత ఆయిల్‌ని గెడ్డలో పారబోయకండి, వాడేసిన ఆయిల్ కొనేవాళ్ళు ఆటోనగర్‌లోనే దొరుకుతారు.