ఆటోమేటిక్ కారు మొరాయిస్తే ముందు ఆయిల్ చుక్క చూడండి

పాత ఆటోమేటిక్ కారు నా షెడ్డుకు వచ్చేసరికే గేర్‌బాక్స్ విప్పించాలని ఎవరో యజమానిని ఒప్పించి ఉంటారు. ఆయిల్ చూశారా అని అడిగితే, మొన్ననే మార్పించామంటారు. అది ఇంజిన్ ఆయిల్. గేర్‌బాక్స్‌కు వేరే ఆయిల్ ఉంటుందని పదేళ్ళు నడిపినవారికీ తెలియకపోవడం నాకు అలవాటైపోయింది. ఇక్కడ చెప్పేది టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న బండ్ల సంగతి. వేరే రకం ఆటోమేటిక్‌లైన ఏఎంటీ, సీవీటీల దారి వేరు.

డీలో వేసినా వెంటనే కదలదు. ఎత్తు ఎక్కేటప్పుడు రొదే తప్ప వేగం రాదు

చాలావరకు ఆయిల్ తగ్గి ఉంటుంది. చదును రోడ్డు మీద బాగానే ఉండి జూబ్లీహిల్స్ ఎత్తుల్లో జారిందంటే మొదటి అనుమానం ఇదే. బండి బాగా వేడెక్కాక, చదునైన చోట, ఇంజిన్ నడుస్తుండగా గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడాలి. హోండాల్లో మాత్రం ఇంజిన్ ఆపిన నిమిషంన్నర లోపు చూడాలి. తగ్గితే ఎక్కడ కారుతోందో వెతికి, మాన్యువల్‌లో రాసిన రకమే పోయండి. నల్లబడి మాడు వాసన వస్తే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు అరిగినట్టే, కొత్త ఆయిల్ వాటిని బతికించదు.

ఒకే గేరులో ఉండిపోతోంది

బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ తీగ, వాన తర్వాతయితే తడిసిన కనెక్టర్లు. ఇవి చూడకుండా గేర్‌బాక్స్ దించకండి.

లీవర్ పీ నుంచి రావడం లేదు

బ్రేకు తొక్కారని తెలిస్తేనే లీవర్ వదులుతుంది. తొక్కినప్పుడు వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా? లేకపోతే ఫ్యూజు, పెడల్ దగ్గరి స్విచ్ చూడండి.

60-80 వేగంలో సన్నని వణుకు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఔటర్ రింగ్ రోడ్డు మీద నిలకడగా వెళ్తుంటే గరుకు గీతల మీద నడిచినట్టు కారు వణుకుతుంది. బ్రేకును కాస్త తాకగానే పోతుంది. టార్క్ కన్వర్టర్ లాకప్ (నిలకడ వేగంలో ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపే క్లచ్) పట్టు జారుతోందని నాకు అర్థమైంది. ఆయిల్ మార్చాను, తగ్గింది. మూడు వారాల్లో మళ్ళీ వచ్చింది. కన్వర్టరే మార్చాను. మళ్ళీ వచ్చింది. ఆ ఖర్చు యజమానిని అడగడానికి నోరు రాలేదు.

తప్పు రేడియేటర్‌లో ఉంది. చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ తొట్టి లోపలే ఉంటుంది. దానికి చిల్లు పడితే, ఇంజిన్ ఆపాక వేడి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు) ఒత్తిడితో ఆయిల్‌లోకి చేరుతుంది. నీరు తగిలిన క్లచ్ ప్లేట్ల పైపూత ఉబ్బి, జిగురు వదిలి ఊడుతుంది. బాగా ముదిరితే డిప్‌స్టిక్ మీద ఆయిల్ రోజ్‌మిల్క్‌లా కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా పట్టేస్తారు. మొదట్లో రంగు మారదు. అప్పటి ముఖ్యమైన ఆనవాలు: ఎవరూ పోయకుండానే ఆయిల్ మట్టం పెరుగుతుంది. ఆ బండిలోనూ పెరిగింది. ఎవరో ఎక్కువ పోశారనుకుని నేనే తీసి పారేశాను!

ఇప్పుడు రెండు చుక్కలు వేడి పెనం మీద వేస్తాను. చిటపటలాడితే నీరుంది. తర్వాత ఆయిల్ గొట్టాలు విప్పి రేడియేటర్‌కు ఒత్తిడి పెడతాను. ఆ మూతుల్లోంచి కూలెంట్ వస్తే ఇక సందేహం లేదు. కొత్త రేడియేటర్ వేసి, ఆయిల్‌ను శుభ్రంగా వచ్చేదాకా పలుమార్లు మార్చాలి. విడిగా కూలర్ పెట్టించుకుంటే ఇంకా నిశ్చింత. రోజ్‌మిల్క్‌తో ఎక్కువ దూరం తిరిగిన బండికి గేర్‌బాక్స్ విప్పక తప్పదు. అనుమానం వచ్చిన రోజే నడపడం ఆపండి.

మన ఊళ్ళో బోరునీళ్ళు కాచిన గిన్నెకు తెల్లటి పెచ్చు కట్టడం అందరూ చూసిందే. అవే నీళ్ళు రేడియేటర్‌లో పోస్తే లోపలి గొట్టం పాడవక ఏమవుతుంది? డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనడానికి మాత్రం మనసొప్పదు.

గేరు వేయగానే ధడేల్‌మంటే మౌంటింగు రబ్బర్లు చూడండి. గేర్‌బాక్స్ పంపు, ఆయిల్‌ను దారి మళ్ళించే వాల్వ్ బాడీ మీద అనుమానం చివరిది. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.