రీగ్రిడ్ చేశాక మ్యాపు ఖాళీగా వస్తోందా, ముందు కోఆర్డినేట్లు ప్రింట్ చేసి చూడండి

మొన్న రాత్రి మా చిన్నాన్న కొడుకు శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి, అన్నియ్యా ఐఎండీ వర్షంలోంచి ఈఆర్ఏ5 వర్షం తీసేస్తే ఏటీ మిగలట్లేదు, ఎర్రర్ కూడా రావట్లేదు అన్నాడు. తిత్లీ తుపాను వర్షం మీద వాడి ప్రాజెక్టు. ఐఎండీ అంటే మన వాతావరణ శాఖ డేటా, ఈఆర్ఏ5 అంటే యూరప్ వాతావరణ కేంద్రం మోడల్‌తో తయారు చేసే గంటగంటకీ డేటా, ఒక గ్రిడ్ మీది డేటాని ఇంకో గ్రిడ్ పాయింట్ల మీదకి మార్చడమే రీగ్రిడ్. ఎర్రర్ రాకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం, ఎందుకంటే ఎక్స్‌ఎర్రే (ఇలాంటి గ్రిడ్ డేటాకి వాడే పైథాన్ లైబ్రరీ) తీసివేత చేసేటప్పుడు రెండింట్లోనూ సరిగ్గా కలిసే పాయింట్లే ఉంచుకుని మిగతావి చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. అందుకే స్క్రిప్టు మొదట్లోనే అరిథ్‌మెటిక్ జాయిన్ ఆప్షన్ని ఎగ్జాక్ట్ అని పెట్టేయండి, తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది.

తర్వాత రెండు ఫైళ్ళవీ అక్షాంశాలు, రేఖాంశాలు మొదటి మూడు, చివరి మూడు ప్రింట్ చేసి పక్కపక్కన పెట్టుకోండి. ఐఎండీ 0.25 డిగ్రీల గ్రిడ్ 6.5 నుంచి 38.5 వరకు దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తుంది, ఈఆర్ఏ5 ఉత్తరం నుంచి కిందకి దిగుతుంది, కాబట్టి మన జిల్లా కోసం అక్షాంశం 17 నుంచి 20 అని స్లైస్ ఇస్తే ఈఆర్ఏ5లో ఒక్క వరస కూడా రాదు. సార్ట్‌బైతో అక్షాంశాల్ని చిన్న నుంచి పెద్దకి పేరిస్తే సరి. ఒకదాంట్లో లాట్ అనీ ఇంకోదాంట్లో లాటిట్యూడ్ అనీ ఉంటే మాత్రం ఖాళీ రాదు, ప్రతి వరసనీ ప్రతి వరసతో కలిపేసి ర్యామ్ మొత్తం తినేస్తుంది, ముందే రీనేమ్ చేసుకోండి.

నంబర్లు చూడ్డానికి ఒకటే అయినా కలవట్లేదంటే ఫ్లోట్32, ఫ్లోట్64 గొడవ, అంటే ఒకే నంబర్ని ఒక ఫైలు తక్కువ కచ్చితత్వంతో, ఇంకోటి ఎక్కువ కచ్చితత్వంతో దాచుకుంటుంది. 18.25 లాంటివి రెండింట్లోనూ అచ్చం ఒకటే, 0.1 డిగ్రీల గ్రిడ్‌లో 18.3 మాత్రం ఒకటి కాదు. ఫ్లోట్64 చేసి రెండు దశాంశాలకి రౌండ్ చేయండి.

ఇంక వాడిని ఎక్కువ ఏడిపించింది టైము. ఐఎండీ తేదీ అంటే ఆ రోజు పొద్దున్న 8:30కి ముగిసిన 24 గంటల వర్షం, ఈఆర్ఏ5 గంటలేమో యూటీసీలో ఉంటాయి, అది మన టైముకి ఐదున్నర గంటలు వెనక, అంటే మన 8:30 అక్కడ 03:00. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున. యూటీసీ రోజు మనకి పొద్దున్న 5:30కి గానీ మొదలవ్వదు కదా, అంటే ఆ రాత్రి కురిసినదంతా ఈఆర్ఏ5లో పదో తేదీ ఖాతాలోకి పోయింది, ఐఎండీలో పదకొండో తేదీలో ఉంది. గంటల్ని రోజులుగా కలిపే రీసాంపుల్‌లో 24 గంటలకి 3 గంటల ఆఫ్‌సెట్, క్లోజ్డ్, లేబుల్ రెండూ రైట్ అని ఇచ్చి మొత్తం కూడండి, వచ్చిన టైముని రోజుకి ఫ్లోర్ చేయండి, అది మర్చిపోతే 03:00కీ 00:00కీ కలవక మళ్ళీ ఖాళీయే. ఈఆర్ఏ5 మీటర్లలో ఉంటుంది, మిల్లీమీటర్లు కావాలంటే 1000తో గుణించాలి.

ఇవన్నీ అయ్యాకే రీగ్రిడ్. తీరం జిల్లా వాళ్ళం కాబట్టి ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా, ఐఎండీలో డేటా లేనిచోట -999 ఉంటుంది, దాన్ని మాస్క్ చేయకుండా, అంటే ఖాళీగా మార్చకుండా, బైలీనియర్ (చుట్టూ నాలుగు పాయింట్ల నుంచి లెక్కగట్టే పద్ధతి) చేస్తే కళింగపట్నం దగ్గర వర్షం మైనస్‌లో వస్తుంది. మాస్క్ చేస్తే ఇంకో బాధ, చుట్టూ నాలుగు పాయింట్లలో ఒక్కటి ఖాళీ అయినా ఫలితం ఖాళీయే, తీరం వెంబడి ఒక పట్టీ మొత్తం పోతుంది. రీగ్రిడ్ చేసే లైబ్రరీ ఎక్స్‌ఈఎస్‌ఎమ్‌ఎఫ్‌లో స్కిప్‌ఎన్‌ఏ ట్రూ పెట్టండి, ఖాళీల్ని వదిలేసి మిగతావాటితో లెక్కగడుతుంది. సన్న గ్రిడ్ నుంచి పెద్ద గ్రిడ్‌కి వర్షం మార్చేటప్పుడైతే గడుల విస్తీర్ణాన్ని బట్టి పంచే కన్సర్వేటివ్ పద్ధతే నాకు నచ్చుతుంది, మొత్తం నీరు తేడా రాదు, దానికి గడుల అంచులు కూడా ఇవ్వాలి.

ప్లాట్‌లో ఇమ్‌షో వాడితే మ్యాపు తలకిందులు కావచ్చు, పీకలర్‌మెష్ వాడండి, మ్యాపులు గీసే కార్టోపీలో డేటా అక్షాంశ రేఖాంశాల్లో ఉందని తెలియడానికి ట్రాన్స్‌ఫార్మ్ ప్లేట్‌కారీ అని తప్పకుండా ఇవ్వండి. తీరరేఖ గీసి అక్షాంశం 18.34, రేఖాంశం 84.12 దగ్గర ఒక చుక్క పెట్టి చూడండి, అది కళింగపట్నం మీద పడాలి, సముద్రంలోనో ఒడిశా కొండల్లోనో పడితే మళ్ళీ ప్రింట్ దగ్గరికే వెళ్ళాలి.