చుక్కానిలోకి నీళ్లు – 4వ పాఠం: కడ్డీ చుట్టూ గాడి

ఈసారి నేరుగా, స్టీలు కడ్డీ పక్కనుంచి చుక్కానిలోకి నీళ్లు దిగకుండా సీలు వేద్దామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి, లోపలి నీళ్లు కారిపోవడానికి చుక్కాని అడుగున రంధ్రం వేసినవాళ్లలో చాలామంది రెండో రోజే దాన్ని మూసేశారు. చుక్కలు ఆగిపోయాయట. ఆగింది చుక్కలే, తడి ఇంకా లోపలే ఉంది. చుక్కానిలో రెండు ఫైబర్‌గ్లాస్ చిప్పల మధ్య ఉన్న ఫోమ్ వారాల తరబడి గాలి ఆడితే గానీ ఆరదు. మన పడవలు చలికాలమంతా అమెరికాలోని చెసపీక్ బే ఒడ్డున, యార్డులో స్టాండ్ల మీద ఉంటాయి. మిగిలిన నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, చిప్పలు అతుకు దగ్గర విచ్చుకుంటాయి. మూసినవాళ్లు ఈ వారాంతమే మళ్లీ తెరవండి.

తుప్పు రంగు నీళ్లు వచ్చినవాళ్లు ఇక్కడే ఆగాలి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా ఉండటానికి ఆక్సిజన్ కావాలి. కదలని నీళ్లలో అది దొరకదు, చుక్కాని లోపల కడ్డీకి స్టీలు పలకలను కలిపే వెల్డింగులను తుప్పు లోలోపల తినేస్తుంది. ముందు చిప్పకు కిటికీ కోసి వెల్డింగు చూడండి. ఆ తర్వాతే సీలు.

మిగిలినవాళ్లకు పని చిన్నదే. స్టీలు కడ్డీ చుక్కాని పైభాగంలోకి దిగేచోట, చుట్టూ 6 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతు గాడి తీయండి. 80 నంబరు గరుకు కాగితం, తర్వాత అసిటోన్, తర్వాత పాలీయురథేన్ సీలెంట్. నేను త్రీఎం 4200 వాడతాను. 5200 ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, కానీ మళ్లీ విప్పాల్సి వస్తే ప్రాణం తీస్తుంది.

ఆ గాడిలో ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) మాత్రం నింపకండి. ఎన్నిసార్లు చెప్పినా ఇదే జరుగుతోంది. గాలి విసురుకు పడవ వాలినప్పుడల్లా కడ్డీ వెంట్రుకవాసి వంగుతుంది. ఎండకు స్టీలు ఒకలా సాగుతుంది, ఫైబర్‌గ్లాస్ ఇంకోలా సాగుతుంది. ఎపాక్సీ సాగదు, కాబట్టి కడ్డీ పక్కన సన్నటి గీతలా విడిపోతుంది. ఆ గీత కంటికి ఆనదు, నీటికి చాలు. మధ్యాహ్నం ఎండలో కాగిన చుక్కానిని చల్లటి నీళ్లలోకి దింపితే లోపలి గాలి ముడుచుకుని, ఆ గీతలోంచే నీళ్లు పీలుస్తుంది. అందుకే నేను పడవను పొద్దున్నే దింపిస్తాను. ఎపాక్సీ అడుగు రంధ్రం పూడ్చడానికి మంచిది, అక్కడ కదలిక లేదు. సిలికాన్ ఎక్కడా వద్దు. ఒకసారి పూస్తే ఆ చోట మరేదీ అంటుకోదు.

అభ్యాసం: లోపలి తడి ఆరిందో లేదో చుక్కాని బరువే చెబుతుంది. ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు తీసుకోండి. చుక్కాని మరీ బరువైతే ఒక కొస దిమ్మ మీద పెట్టి రెండో కొసే తూచండి, ప్రతిసారీ అదే పద్ధతిలో. వారానికోసారి, నాలుగు వారాలు, తేదీతో రాసి పెట్టండి. వరుసగా రెండు వారాలు అదే అంకె వచ్చేదాకా సీలెంట్ ట్యూబు మూత తీయకండి.